మల్లయ్య పేరు మీద చీటి

మా ముత్తాత రంగారావు పోలీసు పటేలు. ఆయన కొడుకు, మా తాత జగన్నాథరావు, ఆయనా పోలీసు పటేలే. నల్లగొండ జిల్లాలో చుట్టుపక్కల ఏడు ఊళ్లకు మా గడీలో అన్నదే మాట. ఊరి పేరు రాయను. ఈ పేర్లు జిల్లాలో చాలామందికి ఉన్నాయి కనుక రాయగలుగుతున్నాను. నేనెవరో తెలియకూడదన్న ఆశ ఈ వయసులో కూడా నాలో చావలేదని ముందే ఒప్పుకుంటున్నాను. పన్నెండేళ్లుగా మోస్తున్న బరువు అదే. ఆ ఆశ కోసం ఒక ముసలివాడి పేరు వాడుకున్నాను. వాడుకుని, మురికి చేసి, కడగకుండా వదిలేశాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ముందు ఒక కుర్చీ గురించి చెప్పాలి. టేకు కుర్చీ. వెడల్పాటి చేతులు, బెత్తం అల్లిన వీపు. గడీ అరుగు మీద ఉండేది. ఊళ్లో ఎవరి ఒంటి మీదైనా అనుమానపు మచ్చ కనిపిస్తే ఆ మనిషిని తెచ్చి వాకిట్లో ఎండలో నిలబెట్టేవారు. తాత కుర్చీలోంచి లేచేవారు కాదు. అంగీ విప్పమనేవారు. తిరగమనేవారు. పది అడుగుల దూరం నుంచి చూసి, పెద్దరోగం అనేవారు, లేదా కాదనేవారు. కుష్ఠు అన్న మాట మా ఇంట్లో పలకరు, పెద్దరోగం అంటారు. ఆయన అవునంటే ఆ మనిషి పొద్దుగూకేలోగా ఊరి బయట గుడిసెలో ఉండాలి. నేను ఆరేడేళ్లవాణ్ణి. కుర్చీ చేయి పట్టుకుని నిలబడి చూసేవాణ్ణి. తాత చూపులో ఏదో శక్తి ఉందని నమ్మాను. ఆయన ఎవరినీ ముట్టుకోలేదు. అది కూడా గొప్పే అనుకున్నాను.

తర్వాత పటేల్‌గిరీ పోయింది. భూములు పంపకాల్లో కొన్ని, కోర్టుల్లో కొన్ని పోయాయి. గడీ కప్పు కూలింది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మూడో అంతస్తు ఫ్లాటులోకి వచ్చాను. ఎల్బీ నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేరాను. అక్కడ అందరికీ నేను ‘సార్’. దొర అని పిలిచేది ఒక్క యాదమ్మే.

యాదమ్మ మల్లయ్య కూతురు. మల్లయ్య మా గడీలో ముప్ఫై ఏళ్లు జీతగాడు. ఎడ్లు ఆయన చూసేవాడు, బావి ఆయన తోడేవాడు. గడీ పడిపోయాక తండ్రీకూతుళ్లు, యాదమ్మ చిన్నకూతురు కూడా పట్నం వచ్చి మూసారాంబాగ్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నారు. యాదమ్మ మా ఇంట్లో వంట చేసేది. అదే అపార్ట్‌మెంటులో మరో నాలుగిళ్లలో గిన్నెలు తోమేది. మా ఇంట్లో పదకొండేళ్లు జొన్నరొట్టె చేసింది. ఆమె పెదవుల మీద, వేళ్ల కొసల మీద తెల్లమచ్చలు ఉండేవి. చాలా ఏళ్ల కిందటే డాక్టరుకు చూపించుకుంది. బొల్లి అన్నారు. చర్మంలో రంగు పోవడం తప్ప మరేమీ కాదు, ఒకరి నుంచి ఒకరికి రాదు అన్నారు. అది అపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. అందరూ అలవాటుపడ్డారు. నేనూ.

ఎల్బీ నగర్ చౌరస్తాలో మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్విపెట్టిన రోజులవి. ఒక సాయంత్రం నా స్కూటరు బండ్ల మధ్య ఇరుక్కుపోయింది. కాలిన వాసన వచ్చింది. బట్ట, మాంసం కలిసి కాలినట్టు. ఎవరిదో అనుకుని ముఖం చిట్లించాను. పక్క బండి మీది కుర్రవాడు, “అంకుల్, మీ కాలు కాలుతున్నది, చూస్కోరాదు,” అన్నాడు.

ఆ కుర్రవాడి బండి సైలెన్సరుకు నా పిక్క ఆనుకుని ఉంది. ప్యాంటు కరిగి చర్మానికి అతుక్కుంది. నాకు ఏమీ తెలియలేదు.

ఇంటికొచ్చి తలుపు వేసుకుని చూశాను. అరచేతి వెడల్పు బొబ్బ. దాని చుట్టూ పాలిపోయిన మచ్చ, పొడిగా, వెంట్రుక లేకుండా. అది రెండేళ్లుగా అక్కడే ఉంది. తొడ మీద, నడుము మీద మరికొన్ని ఉన్నాయి. శోభి మచ్చలని చెప్పుకుని వదిలేశాను. నిజంగా శోభి అనే అనుకున్నానా? బొబ్బను వేలితో నొక్కాను. నొప్పి లేదు. నొక్కుతూనే ఉన్నాను. అది పగిలి నీళ్లు కారాయి. ఆ కాలు నాది కాదనిపించింది. ఏదో చచ్చిన జంతువు తొడను ముట్టుకున్నట్టు చేయి వెనక్కి లాక్కున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చర్మపు డాక్టరు చూసి గొంతు తగ్గించి మాట చెప్పాడు. మందు సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు, అక్కడికి వెళ్లమన్నాడు. దగ్గరలో ఉన్నదానికి వెళ్లలేదు. రెండు బస్సులు మారి నగరానికి అవతలి కొసన ఉన్న దవాఖానకు వెళ్లాను. కిటికీ దగ్గర చీటి రాసే అతను తల ఎత్తకుండా పేరు అడిగాడు. నా వెనక వరుసలో జనం.

“మల్లయ్య,” అన్నాను.

“ఏడుంటవ్?”

“మూసారాంబాగ్.”

ముందుగా అనుకున్నది కాదు. నోటికి వచ్చిన పేరు అది. అలా చెప్పి ఎన్నోసార్లు నన్ను నేను సమాధానపరచుకోబోయాను. కానీ లోకంలో ఇన్ని పేర్లుండగా అదే ఎందుకు వచ్చింది? మా ఇంట్లో ఎవరూ ముట్టని పని పడితే మల్లయ్యనే పిలిచేవారు. చచ్చిన గొడ్డును ఈడ్చాలంటే మల్లయ్య. మురుగు కాలువలో దిగాలంటే మల్లయ్య. ఆ రోజు నా ఒంట్లోనే ముట్టరానిది ఒకటి బయటపడింది. నా నాలుక పాత అలవాటు ప్రకారం మల్లయ్యనే పిలిచింది.

డాక్టరు నడివయసు మనిషి, కోస్తా మాట. బల్ల మీద పడుకోబెట్టి కళ్లు మూసుకోమంది. దూదిని సన్నగా మెలిపెట్టి దాని కొసతో తాకుతానని, తాకినచోట వేలు పెట్టి చూపించమని చెప్పింది. మొదట చేతుల మీద తాకింది. చూపించాను. తర్వాత చాలాసేపు ఏమీ తెలియలేదు. ఓడిపోతున్నట్టు అనిపించింది. పిక్క మీద వేలు పెట్టి, “ఇక్కడ తగిలింది,” అన్నాను.

“నేనింకా ముట్టుకోలేదండి,” అంది.

ఆ తర్వాత మోచేతి వెనక, మోకాలి పక్కన వేళ్లతో తడిమింది. అక్కడ నరం తాడులా లావెక్కి ఉందని చెప్పింది. నా చేతిని తీసుకుని నా వేలుతోనే ఆ నరాన్ని తాకించింది. చర్మం మీద మచ్చ చూసి ఈ జబ్బు ఉందని గానీ లేదని గానీ చెప్పకూడదట. స్పర్శ పోయిందా, నరం ఉబ్బిందా అని ముట్టుకుని తెలుసుకోవాలట. తెల్లగా మెరిసే మచ్చలన్నీ ఇది కావట. మా తాత కుర్చీ గుర్తొచ్చింది. వాకిట్లో ఎండలో తిరిగిన వీపులు గుర్తొచ్చాయి. వాళ్లలో ఎంతమందికి బొల్లి, ఎంతమందికి శోభి, ఎంతమందికి పాత కాలిన మచ్చ?

“మా వంశంలో ఎవరికీ లేదు,” అన్నాను.

“వంశాన్ని బట్టి రాదండి. ఇదొక క్రిమి. మందు వాడని మనిషికి దగ్గరగా చాలాకాలం ఉంటే ఊపిరి ద్వారా రావచ్చు. బయటపడటానికి ఏళ్లు పడుతుంది. చాలామందికి అసలు రాదు. ఏడాది మందు వాడితే పోతుంది, మొదలుపెట్టిన కొద్దిరోజులకే మీ నుంచి ఇంకొకరికి అంటదు. ఇంట్లోవాళ్లనోసారి తీసుకురండి, చూస్తాను.”

తీసుకువెళ్లలేదు. ఎలా తీసుకువెళ్లను? అక్కడ నేను మల్లయ్యను.

నెలకో అట్ట గోళీలు. మొదటిరోజువి అక్కడే, నర్సు ఎదుటే మింగాలి. ఆ రోజు మూత్రం ఎర్రగా వచ్చేది. ఇంట్లో రెండుసార్లు నీళ్లు పోసి వచ్చేవాణ్ణి. గోధుమరంగు గోళీకి ఒళ్లు నల్లబడసాగింది. ఎండలో తిరిగి నల్లబడ్డానని మా ఆవిడ విమల మజ్జిగ ఇచ్చేది. అద్దంలో ముఖం చూసుకుంటే అసహ్యం వేసేది. రోగం మీద అసహ్యం అనుకున్నాను. చాలా ఏళ్లకు గాని తెలియలేదు, అది రోగం మీద కాదని.

నాలుగో నెలలో నా ఆఫీసు సంచి అడుగున గోళీల అట్ట, చీటి విమలకు దొరికాయి. హాల్లో నేను కుర్చీలో ఉన్నాను. తాత కుర్చీయే. గడీ నుంచి తెచ్చుకున్నది అదొక్కటే, మా హాలు సగం అదే. విమల చీటి పట్టుకుని వచ్చి ఇదేందని అడిగింది. ఆమె ముఖంలో భయం ఉంది, అనుమానం లేదు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి ఘడియ మనిషికి దొరకదు.

“మన మల్లయ్యకు పెద్దరోగం. పాపం నడవలేడు. నేనే పోయి గోళీలు తెచ్చిస్తున్న,” అన్నాను.

విమల కళ్లు తడి అయ్యాయి. ఎవరికీ చెప్పకుండా ఇంత చేస్తున్నారా అంది. ఆ పొగడ్త నాకు బాగుందని రాయాలి. బాగుంది. ఒళ్లు జలదరించేంత బాగుంది. అంతలో ఆమె వంటింటివైపు చూసింది. అక్కడ యాదమ్మ మాకు వీపు పెట్టి రొట్టె కొడుతోంది. పిండిలో ఆమె తెల్లటి వేళ్లు. విమల గొంతు తగ్గించింది.

“మరి యాదమ్మది? బొల్లి అన్నరు గదా?”

నేను కుర్చీలోంచి లేవలేదు. పది అడుగుల దూరం నుంచి యాదమ్మ చేతులను చూశాను. చూసి, “నాకు ముందు నుంచే అనుమానం,” అన్నాను.

అంతే. తాత కూడా అంతకంటే ఎక్కువ మాట్లాడేవారు కాదు. బొల్లి అని నాకు తెలుసు. దూదితో తాకి చూడాలని నాకు తెలుసు. ఆ అపార్ట్‌మెంటులో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలియక చెప్పిన తాత కంటే తెలిసి చెప్పిన నేను నీచుణ్ణి. అయినా ఆ క్షణంలో నా వెన్ను నిటారుగా అయింది. గడీ మళ్లీ లేచి నిలబడినట్టు.

మర్నాటి నుంచి యాదమ్మను రావద్దన్నాం. వారంలో మిగతా నాలుగిళ్లూ మాన్పించాయి. విమల చెడ్డమనిషి కాదు. చిన్నపిల్లలున్న ఇళ్లు కదా అని వాళ్లకు చెప్పింది. నేను భయపడి ఆ నెల దవాఖానకు వెళ్లలేదు. గోళీలకు రానివాళ్లను వెతుక్కుంటూ ఇంటికి వెళ్లడం అక్కడివాళ్ల పని. ఆ సంగతి నాకు తట్టలేదు. చీటిలో ఉన్న అడ్రసు పట్టుకుని ఒక ఆరోగ్య కార్యకర్త మూసారాంబాగ్ వెళ్లింది. గదుల మధ్య నిలబడి మల్లయ్య ఎవరని అడిగింది. ఆమె ఏ జబ్బు అన్నది చెప్పలేదట. చేతిలో ఉన్న అట్టను బస్తీలో ఎవరో గుర్తుపట్టారు. గది యజమాని ఖాళీ చేయమన్నాడు.

తర్వాతి ఆదివారం పొద్దున యాదమ్మ మా గుమ్మంలో నిలబడింది. విమల గుడికి వెళ్లింది. నేను లుంగీలో, కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆ రోజు మాట్లాడుకున్నది ఇప్పటికీ ఒక్క ముక్క పోకుండా గుర్తుంది.

“దొరసాని లేదా?”

“లేదు. ఏం గావాలె?”

“ఏమొద్దు దొరా. ఒక్క మాట అడిగి పోత. దవాఖానల మా నాయిన పేరు మీద చీటి ఉన్నదంట. అడ్రసు మాదే. గోళీలు ఎందుకు తీస్కపోతలేరని ఒక మేడం ఇంటి మీదికొచ్చింది. మా నాయిన గా దవాఖాన మొఖమే చూడలే.”

“పొరపాటు అయ్యుంటది. మల్లయ్యలు శానామంది ఉంటరు.”

“ఉంటరు. మా ఇంట్ల ఒక్కడే ఉన్నడు.”

ఆమె కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది.

“గా మేడం ఎంబడి మేమిద్దరం పోయి చూపిచ్చుకున్నం. ఇద్దరికీ ఏం లేదని రాసిచ్చిండ్రు. గీ కాయితం జర సదువున్రి. మీరు దొరసానికి చెప్తే దొరసాని కింది ఇండ్లల్ల చెప్తది. నా పని నాకొస్తది.”

“ఆడ పెట్టి పో.”

“సదువున్రి దొరా.”

“కండ్లద్దాలు లెవ్వు.”

కళ్లద్దాలు నా బనియను మీద వేలాడుతున్నాయి. ఆమె వాటిని చూసింది. చూసి, గాజుకు ఉన్న పిన్నీసు తీసి నావైపు చాపింది.

“సదవకుంటే పాయె. నా వేలు గుచ్చి చూడున్రి. తెల్లగున్న కాడనే గుచ్చున్రి. పెద్దరోగమైతే నొయ్యదంట గదా, డాక్టరమ్మ చెప్పింది. నాకు నొస్తది దొరా.”

నేను చేతులు వెనక్కి లాక్కున్నాను. ఆమె తానే తన తెల్లటి వేలికొసలో పిన్నీసు దింపుకుంది. ముఖం ముడుచుకుంది. ఎర్రటి చుక్క పైకి వచ్చింది. ఆ వేలు నాకు చూపిస్తూ ఆమె చూపు కిందికి దిగింది. నా లుంగీ అంచు కింద పిక్క మీద కాలిన మచ్చ ఉంది.

“మీ కాలికేమైంది?”

“బండి సైలెన్సరు తాకింది.”

“నొచ్చిందా?”

నేను లుంగీ అంచు కిందికి లాక్కున్నాను. యాదమ్మ తొందరపడలేదు. కూర్చోమని చెప్పని ఇంట్లో నిలబడటం అలవాటున్న మనిషిలా నిలబడింది. నా ముఖం నల్లబడటం, గుచ్చడానికి రాని చేతులు, కాలు, అన్నీ ఆమె కళ్లలో ఒకచోటికి చేరడం చూశాను. కాగితం గుమ్మంలో పెట్టింది. మెట్లు దిగిపోయింది. ఆమె తల్చుకుంటే ఆ మెట్ల మీద నిలబడి మూడంతస్తులకూ వినబడేలా చెప్పవచ్చు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పినా ఎవరూ నమ్మరని తెలిసి కావచ్చు. అంత నమ్మకంగా నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను.

నేను మళ్లీ దవాఖానకు వెళ్లాను. డాక్టరు చీటి పక్కన పెట్టి, “ఆ మల్లయ్యగారు వచ్చి వెళ్లారండి. మీ అసలు పేరు చెప్పండి, మందు ఎవరికైనా ఇస్తాం,” అంది. కోపం లేకుండా అడిగింది. నేను మూడో పేరు చెప్పాను. ఆమె రాసుకుంది. ఏడాది పూర్తి చేశాను. జబ్బు పోయింది. పిక్క మీద స్పర్శ రాలేదు.

రెండేళ్ల తర్వాత ఏదో వంక చెప్పి విమలను చర్మపు డాక్టరుకు చూపించాను. ఏమీ లేదని రాసిచ్చారు. యాదమ్మకు ఏమీ లేదన్న కాగితం ఒక్కసారి చదవని నేను, విమల కాగితం మూడుసార్లు చదువుకున్నాను.

మల్లయ్య సంగతి మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ చెప్పాడు. అతనిది మా పక్క ఊరు. హయత్‌నగర్ దాటాక ఎక్కడో రేకుల గదిలో ఉండేవారట. డాక్టరు లేదని చెప్పినా ముసలివాడికి నమ్మకం కుదరలేదట. సర్కారు కాగితంలో తన పేరు ఉత్తగా ఎందుకు రాస్తారని అనేవాడట. తన పళ్లెం తానే వేరుగా పెట్టుకున్నాడు. మనవరాలిని దగ్గరికి రానివ్వలేదు. రెండు వానాకాలాలు అలా బతికి పోయాడు. ముప్ఫై ఏళ్లు మా ఇంట్లో వేరు పళ్లెంలో తిన్న మనిషి, తన ఇంట్లో కూడా వేరు పళ్లెంలోనే తిని పోయాడు. నేను వెళ్లలేదు. విమల మాత్రం ఇప్పటికీ పెళ్లిళ్లలో చుట్టాలకు చెబుతుంది, మా ఆయన పాత జీతగానికి స్వయంగా మందులు తెచ్చిచ్చిండని. నేను పక్కనే కూర్చుని నేలకేసి చూస్తాను. వినయం అనుకుంటారు.

రెండు నెలల కిందట ఎల్బీ నగర్ మెట్రో స్టేషనులో యాదమ్మను చూశాను. శుభ్రం చేసేవాళ్ల యూనిఫారం. మెట్లు తుడుస్తోంది. మచ్చలు పాకి చేతులు మోచేతుల దాకా తెల్లబడ్డాయి. ఆ చేతులు పట్టుకున్న కడ్డీనే వందలమంది పట్టుకుని దిగుతున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. నేను పై మెట్టు మీద ఆగాను. ఆమె తల ఎత్తి ఉంటే ఏం చేసేవాణ్ణి? దిగి వెళ్లి పేరు పెట్టి పిలిచేవాణ్ణా? అబద్ధం ఎందుకు. ఆమె తల ఎత్తకముందే నేను వెనక్కి తిరిగి లిఫ్టులో దిగాను. లిఫ్టు అద్దంలో నిటారుగా నిలబడిన ముసలివాణ్ణి చూడలేక తలుపువైపు తిరిగాను.

ఈ రాతకు ఏ విలువా లేదని తెలుసు. యాదమ్మ చదవదు. విమలకు ఇంకా చెప్పలేదు. క్షమించమని అడగను. అడిగే హక్కు ఉన్నట్టు ప్రవర్తించడం కూడా దొరతనమే. ఒక్కటి మాత్రం జరిగింది. ఇంతకాలం మల్లయ్య పేరు మీద ఉన్న రోగాన్ని ఈ కాగితం మీద నా ఒంటికి తిరిగి తెచ్చుకున్నాను. అది నాకు వచ్చింది. నాకే వచ్చింది. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడింది.

ఆ ఆదివారం యాదమ్మ వదిలివెళ్లిన కాగితాన్ని నిన్న తీసి చదివాను. ఐదు వరుసలు. పైన ఆమె పేరు, మల్లయ్య పేరు, కింద డాక్టరు సంతకం. పన్నెండేళ్లు అది నేను దాచిన చోటే, కుర్చీ దిండు కింద ఉంది. కుర్చీని ఇవ్వడానికి దిండు తీస్తే బయటపడింది.

కుర్చీని హయత్‌నగర్ అవతల హైవే మీది హోటలువాళ్లకు అమ్మేశాను. ద్వారం దగ్గర వేశారు. బల్ల ఖాళీ అయ్యేదాకా వచ్చినవాళ్లు దాంట్లో కూర్చుంటారు.